రెండో బ్రేకు

“ఆ కిర్రుమన్నదేంటి?”

“ఏదీ?”

“ఇప్పుడే. నేనింకా బ్రేకు మీద కాలు పెట్టనేలేదు. మీ వైపు నుంచి కిర్రుమంది, బండి ఆగింది.”

“పాత బండి కదా. సీటు స్ప్రింగు అయ్యుంటుంది.”

“స్ప్రింగు మీ కాళ్ల దగ్గరుంటుందా? ఏదీ, కాలు తియ్యండి. తియ్యమంటున్నానా!”

“నడివీధిలో ఏంటే ఈ గొడవ? ముందు బండి పక్కకి తియ్యి.”

“తియ్యను. అడిగినదానికి చెప్పండి. ఇన్నాళ్లూ ఈ బండిని ఆపుతున్నది నేనా, మీరా?”

కారు అద్దాలు దించి ఉన్నాయి. పేటంతా వింటోంది. వినకూడదనుకున్నా ఆ పేటలో కుదరదు. నదికి ఇవతల, కాలేజీకి వెనకాల, పొట్టి ప్రహరీలూ పొడుగు కిటికీలూ ఉన్న ఇళ్లు. కింది వాటాల్లో లెక్చరర్లు, మేడల మీద అద్దెకి చదువుకునే పిల్లలు. పొద్దున్నే అందరూ కాలేజీకి పోయాక వీధిలో మిగిలేది చెట్ల నీడలూ, ప్రహరీల మీద పిల్లులూను. ఎవరైనా తుమ్మితే మూడో ఇంటివాళ్లు “జలుబా?” అని అడుగుతారు. బండ్లు రావు కాబట్టే బ్రేకు మాస్టారు తన డ్రైవింగు స్కూలుకి ఈ వీధుల్ని ఎంచుకున్నాడు. ఆ నిశ్శబ్దమే ఇప్పుడు ఆయన పరువు తీస్తోంది.

ఎదురింటి ప్రొఫెసరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. “అమ్మా, కాస్త మెల్లగా. రాసుకుంటున్నాను.”

“రాసుకోండి అన్నయ్యగారూ. ఈయన గురించి కూడా రాయండి, బోలెడుంది!”

తల లోపలికి పోయింది. కిటికీ మాత్రం మూసుకోలేదు.

“సరే, ఇదొక్కటి చెప్పండి,” అంది మాస్టారి భార్య. ఈసారి గొంతు తగ్గింది. అరుస్తున్నంతసేపూ లేని భయం అప్పుడు వేసింది ఆయనకి. “కాలేజీ గేటు దగ్గర కుక్క అడ్డమొచ్చింది గుర్తుందా? బండి ఆగింది. దాన్ని ఆపిందెవరు?”

మాస్టారు కాలు మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

ఆ కుక్క సంగతి ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. ఆవిడ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పిల్లలకి గాజుసామాను ఇచ్చి, తిరిగి తీసుకుని, కడిగి సర్దే ఉద్యోగం చేస్తుంది. ఆ రోజు ల్యాబుకెళ్లి బీకర్లు కడుగుతూ కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. సాయంత్రం అక్కకి ఫోన్ చేసి, “ఎలా ఆపానో నాకే తెలీదే, కాలు దానంతటది పోయింది” అని మూడుసార్లు చెప్పింది. ఆ వారమంతా చెప్పులు వేసుకునేటప్పుడు కూడా తన కుడికాలి వంక ముచ్చటగా చూసుకుంది. యాభై దాటిన మనిషి మొహంలో అంత సంబరం చూసి మాస్టారు మురిసిపోయాడు కూడా.

ఇప్పుడు ఆయన నోరు మెదపనిది అబద్ధమాడదామని కాదు. ఆ రోజు తన కాలు ముందు పోయిందో, ఆవిడ కాలు ముందు పోయిందో నిజంగా ఆయనకీ తెలీదు. ఆ మాట చెప్పేసినా సరిపోయేది.

ఆవిడ దిగిపోయింది. తలుపు దడాలున వెయ్యలేదు. గాజుతో పనిచేసే మనిషి ఏ తలుపూ దడాలున వెయ్యదు. మెల్లగా నొక్కి, పడిందో లేదో చూసుకుని మరీ ఇంటివైపు నడిచింది. దడాలున వేసినా బాగుండేదనిపించింది మాస్టారికి.

కారు వీధికి అడ్డంగా ఉండిపోయింది. కాసేపటికి వెనక ఒక పార్సిల్ వ్యాను వచ్చి హారన్ కొట్టింది. నడిపేవాడు మాస్టారింటి మేడమీద గదిలో అద్దెకుండే కుర్రాడే. రెండో ఏడాదిలో కాలేజీ మానేశాడు, ఊరు మాత్రం మానలేదు. మూడు ఉద్యోగాలు మారి ఇప్పుడు పార్సిళ్లు పంచుతున్నాడు. ఒక్కచోట కుదురుగా నిలబడడు, మనసులో మాట నోట్లో ఆగదు.

“మాస్టారూ, బండి తియ్యండి!”

మాస్టారు ఏదో ఆలోచనలో ఉన్నాడు. ఉలిక్కిపడి, పక్కన ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు వైపు తిరిగి, “క్లచ్ తొక్కు. ఫస్ట్ గేరు వెయ్యి. కంగారు పడకు,” అన్నాడు.

కుర్రాడు వ్యాను దిగి వచ్చి కిటికీలోంచి లోపలికి చూశాడు. “ఎవరితో మాస్టారూ?”

అప్పుడు గానీ ఆయనకి తెలిసి రాలేదు.

*

బ్రేకు మాస్టారిని పెంచింది మేనమామ. ఆ మామ కాలేజీ బస్సు డ్రైవరు. బడికి సెలవొస్తే పిల్లవాడు బస్సెక్కి ఇంజను మూత మీద కూర్చునేవాడు. తొడలు చుర్రుమన్నా దిగేవాడు కాదు. మామ దిగిపోయాక అదే బస్సు మేనల్లుడి చేతికొచ్చింది. వంతెన దాటి, నది వెంబడి పోయే రోడ్డు మీద, అవతలి ఊళ్ల నుంచి కాలేజీకి వచ్చేవాళ్లని రోజూ ఎక్కించుకు రావడం. కుర్రతనం, చేతిలో పెద్ద బండి. రోడ్డు తనదేనన్నట్టు తోలేవాడు.

ఒకరోజు ముందు సీట్లో ఓ కొత్తమ్మాయి కూర్చుంది. ఒళ్లో అట్టపెట్టె. మలుపులో సైకిలు అడ్డమొస్తే ఈయన ఫట్టున బ్రేకు కొట్టాడు. పెట్టెలో ఏదో గలగలమంది. ఆ అమ్మాయి పెట్టె మూత తీసి చూసుకుని, తల ఎత్తకుండానే, “బాబూ, నీ బ్రేకుకి నా ఉద్యోగం పోయేలా ఉంది,” అంది.

బస్సంతా నవ్వింది. ఈయన చెవులు ఎర్రబడ్డాయి. మర్నాటి నుంచి ఇంజను మూత మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టుకుని నడపడం మొదలుపెట్టాడు. మొదట్లో ప్యాంటు తడిసేది. ప్రయాణికులు రకరకాలుగా అనుకునేవాళ్లు. అయినా వదల్లేదు. ఎక్కడ ఆపాలో ముందే పసిగట్టి, చాలా దూరం నుంచే కాలు ఆనించి, ఆగినట్టే తెలియకుండా ఆపడం ఆయనకి పట్టుబడింది. కొన్నాళ్లకి ఆ అమ్మాయి దిగబోతూ ఆగి, “అరే, కాలేజీ వచ్చేసిందా? బస్సు ఆగినట్టే లేదే!” అంది. ఆ మాటతో ఆయన పనైపోయింది. పెళ్లి దాకా వెళ్లింది వ్యవహారం.

పెళ్లైన కొత్తలో ఇద్దరూ సాయంత్రాలు పేట చివర రేవు మెట్ల మీద కూర్చునేవాళ్లు.

“ఈ నది ఎక్కడి దాకా పోతుంది?” అందావిడ ఒకసారి.

“ఎక్కడికి పోతుంది, సముద్రం దాకా.”

“అది నాకూ తెలుసు. మీరు చూశారా, కలిసేచోటు?”

“లేదు.”

“మరి తీసుకెళ్తారా?”

“వచ్చే సెలవుల్లో పోదాం. ఎవరినైనా కారు అడుగుతా. నది పక్కనే పోదాం, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుతా.”

ఆ సెలవులు రాకముందే కాలేజీవాళ్లు బస్సు అమ్మేశారు. ఏం చెయ్యాలో తోచక చేతులు నలుపుకుంటుంటే, మెకానిక్ షెడ్డున్న బావమరిది సలహా ఇచ్చాడు. “బావా, ఈ ఊర్లో ఏటా ఇంతమంది పిల్లలు దిగుతున్నారు. ఒక్కడికీ బండి రాదు. స్కూలు పెట్టు. బ్రేకు నేను బిగిస్తా.” ఎవరో అమ్మేసిన కారు ఒకటి పట్టుకొచ్చి, పక్క సీటు కాళ్ల దగ్గర రెండో బ్రేకు బిగించాడు. మాస్టారు ఆ సీట్లో కూర్చున్నాడు. కొన్నాళ్లే కదా అనుకున్నాడు. ఆ కొన్నాళ్లూ ఇంకా అయిపోలేదు. ఇక సెలవులంటారా, పిల్లలు డ్రైవింగు నేర్చుకునేదే సెలవుల్లో. ఆ రోజుల్లో ఆయనకి ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక ఉండేది కాదు. నది దారిన ప్రయాణం ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది. ఆవిడ రెండు మూడేళ్లు గుర్తు చేసి, తర్వాత మానేసింది.

వాళ్లకి పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే మాస్టారు, “ఎందుకు లేరు? ఏటా ఒక బ్యాచి పుడుతోందిగా,” అనేవాడు. నవ్వి ఊరుకునేవాళ్లు.

ఆయన నేర్పే పద్ధతి ఆయనదే. బండి నేర్చుకోవడానికి వచ్చినవాడికి మొదటి శత్రువు భయం అని ఆయన నమ్మకం. కాబట్టి కుర్రాడు బ్రేకు వెయ్యడం మర్చిపోతాడనిపించిన క్షణంలోనే, కుర్రాడి కంటే ఒక రవ్వ ముందు, ఈయన కాలు మెత్తగా ఆనేది. బండి నెమ్మదిగా ఆగేది. వాడు తనే ఆపాననుకునేవాడు.

“భలే ఆపావురా! ఎవరు నేర్పార్రా నీకు?”

“మీరే మాస్టారూ!”

వాడి మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు కోసం ఆయన ఏదైనా చేసేవాడు. ప్రతి సోమవారం కూర్చుని ఆ రెండో బ్రేకుకి నూనె వేసేవాడు, చప్పుడు రాకుండా. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ధైర్యంగా లైసెన్సులు తెచ్చుకుని, కొత్త కార్లు కొని, మొదటి వారంలోనే ఏదో ఒక గోడని ముద్దు పెట్టుకునేవాళ్లు. నొక్కులు తీసే షెడ్డువాడు మాస్టారు ఎక్కడ కనబడ్డా లేచి నిలబడి, “మీ చలవ వల్లే నాలుగు వేళ్లూ లోపలికి పోతున్నాయి మాస్టారూ,” అని దణ్ణం పెట్టేవాడు. అదేదో మర్యాద అనుకునేవాడు ఈయన.

భార్యకి నేర్పడం మొదలుపెట్టినప్పుడు కూడా అదే పద్ధతి. అడిగింది ఆవిడే. “ఊరందరికీ నేర్పారు, నాకు నేర్పరా?” అని. ఈయనకి రెక్కలొచ్చినంత పనైంది. రోజూ పొద్దున్నే, ల్యాబు టైముకి ముందు, ఇద్దరూ ఆ వీధుల్లో చుట్లు కొట్టేవాళ్లు. ఆవిడ నడుపుతుంటే ఆయన రోడ్డు చూసేవాడు. మధ్యలో ఓ రెప్పపాటు ఆవిడ మొహం చూసేవాడు. ఎంత బాగా ఆపుతోందో చెప్పి చెప్పి ఆకాశానికెత్తాడు. ఆ ఒక్క సోమవారం నూనె వెయ్యడం మర్చిపోయాడు. అంతే.

*

గొడవైన మర్నాడు ఆవిడ మామూలుగానే మాట్లాడింది. అన్నం పెట్టింది. బయట వర్షమొచ్చేలా ఉందంది. కారు మాట ఎత్తలేదు. ఆయన ఎత్తబోతే, “పోనీండి,” అంది. ఆ “పోనీండి”లో కోపం లేదు. ఆయన పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఓ వారం తర్వాత మేడమీద కుర్రాడు మెట్లు దిగుతూ ఊరికే అనేశాడు. “మాస్టారూ, ఆంటీని నిన్న వంతెన అవతల చూశాను. అక్కడి డ్రైవింగు స్కూలు బండిలో.”

“చూడ్డానికి వెళ్లుంటుంది.”

“నడుపుతున్నారు. చెమటలు కక్కుతున్నారు. బండి గుర్రంలా గెంతుతోంది. ఆ పక్కనున్న అమ్మాయి చేతులు కట్టుకు కూర్చుంది.”

ఆ అవతలి స్కూలు అమ్మాయి ఒకప్పుడు ఈయన దగ్గర నేర్చుకున్న పిల్లే. చేతులు కట్టుకోవడం ఏంటి, కాళ్లు ఏం చేస్తున్నాయి అని అడుగుదామనుకున్నాడు మాస్టారు.

ఆవిడకి లైసెన్సు వచ్చింది. ఇంటికొచ్చి బల్ల మీద పెట్టింది. “మొదటిరోజు గోడకి కొట్టాను,” అంది, గొప్పగా చెప్పుకున్నట్టు. “రెండోరోజు కూడా కొట్టాను. మూడోరోజు ఆగింది. నేనే ఆపాను. నాకు తెలిసింది, ఇక్కడ.” అరికాలు చూపించింది. ఆ అరికాలి వంక మాస్టారు చాలాసేపు చూశాడు. ఏదో అనాలి. “మంచిది,” అన్నాడు.

తన జీతంలో దాచుకున్నదానితో ఆవిడ చిన్న పాత కారు కొంది. రంగు వెలిసిపోయింది గానీ ఇంజను మంచిది. బావమరిదే చూసిపెట్టాడు, అక్క తరఫున. దానికి ఒకటే బ్రేకు.

ఆదివారాలు ఆవిడ వంతెన దాటి నది దారిన పోవడం మొదలుపెట్టింది. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేది. చెప్పులకి ఇసుక, జుట్టంతా చిందరవందర, మొహంలో కళ. మొదటి ఆదివారమే మాస్టారు సిద్ధమై గేటు దగ్గర నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

“నేనూ రానా?”

ఆవిడ ఒక క్షణం చూసి, “ఎక్కండి,” అంది.

వీధి మలుపు దాకా బాగానే ఉన్నాడు. వంతెన మీద ఎదురుగా లారీ వచ్చింది. ఆయన కాలు నేలని నొక్కింది. నది రోడ్డెక్కాక ఇక ఆగలేదు. మలుపు, నొక్కుడు. సైకిలు, నొక్కుడు. దూరంగా ఓ ముసలాయన రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు, నొక్కుడు. కాళ్ల కింద పట్టా ముడతలు పడి ముందుకి పోయింది. ఆవిడ చూస్తోంది, ఏమీ అనట్లేదు. నది వైపు రోడ్డు ఒరిగే పెద్ద మలుపు దగ్గర ఆయన చెయ్యి దానంతటదే పోయి హ్యాండు బ్రేకు లాగేసింది.

కారు అడ్డం తిరిగి ఆగింది. వెనకొచ్చేవాడు తిట్టి పక్కనుంచి పోయాడు.

ఆవిడ రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి ఎదురుగా చూస్తూ కూర్చుంది. “మీరు నన్ను నమ్మరు.”

“నమ్మకం కాదే. కాలు.”

“కాలు మీది కాదా?”

ఆయన వంగి, ముడతలు పడ్డ పట్టాని సర్దాడు.

“ఇందాకట్నుంచీ మీరు ఒక్కసారన్నా అటు చూశారా?” నది వైపు గడ్డంతో చూపించింది. “ఇంత నది. మీ పక్క కిటికీలోనే ఉంది.”

ఆయన అప్పుడు చూశాడు. ఆవిడ ఏడుస్తోందేమోనన్న దిగుల్లో నది కంటికి ఆనలేదు. ఆవిడ ఏడవలేదు. బండి వెనక్కి తిప్పింది. ఇంటికొచ్చాక చాలా మామూలుగా అంది, “మీ కాలు ఊరుకున్న రోజున చెప్పండి. వెళ్దాం.”

*

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఒకేలా గడిచాయి. శనివారం సాయంత్రం మాస్టారు ఆవిడ కారు కడిగేవాడు. అద్దాలు తుడిచేవాడు, టైర్లలో గాలి చూసేవాడు. పొద్దున్నే ఆవిడ వెళ్లిపోయాక రేవు మెట్ల దగ్గరికి పోయి నిలబడితే వంతెన కనిపించేది. దాని మీద వెలిసిన రంగు చిన్న చుక్క ఒకటి మెల్లగా అవతలికి పోయి చెట్లలో కలిసిపోయేది. ఎక్కడ నెమ్మదిస్తోంది, ఎక్కడ గేరు మారుస్తోంది అని కళ్లతోనే లెక్క కట్టేవాడు. బాగా నడుపుతోంది. నిజంగానే బాగా నడుపుతోంది. ఆ మాట ఇప్పుడు చెబితే ఆవిడ నమ్మదు. మాటల్ని ముందే ఖర్చు పెట్టేశాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ చెప్పేది. సాధించడానికి కాదు, కడుపులో పట్టక చెప్పేది.

“నది మధ్య లంక పక్కన పడవ ఒకటి బోర్లా పడుంది, నీలం రంగుది. దాని మీద కొంగలు బారుగా కూర్చుంటాయి, బస్సు కోసం చూస్తున్నట్టు.”

“ఏ లంక?”

“పెద్ద మలుపు దాటాక. మీరా దారిన ఎన్నేళ్లు బస్సు నడిపారు?”

“కొన్నేళ్లు.”

“లంక చూడలేదా?”

రోడ్డు ఎక్కడ కుంగుతుందో, వానకి ఎక్కడ జారుతుందో ఆయనకి కంఠతా వచ్చు. లంక మాత్రం తెలీదు. కొంగలున్నాయనీ తెలీదు. అన్నం కలుపుతూ, కొంగలు ఎటు తిరిగి కూర్చుంటాయి అని అడిగాడు. ఆవిడ కాస్త ఆశ్చర్యపోయి, “నీళ్ల వైపు,” అంది. ఆ మధ్యాహ్నమంతా ఆయన మనసులో ఆ కొంగలే.

ఒక శనివారం కారు తుడుస్తుంటే పక్క సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. ఎవరివో పొడుగు కాళ్లు. ల్యాబు స్టోరులో పనిచేసే పిల్లని ఆదివారాలు ఎక్కించుకుంటోందని తర్వాత తెలిసింది. మాస్టారు ఆ సీటుని తన కొలతకి ముందుకి జరిపాడు. పై వారం చూస్తే మళ్లీ వెనక్కి ఉంది. మళ్లీ జరిపాడు. ఈ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ప్రతి శనివారం ఆ సీటు ముందుకొచ్చేది, ప్రతి ఆదివారం వెనక్కి పోయేది.

స్కూలు మాత్రం నడుస్తూనే ఉంది. అయితే ఇప్పుడు “భలే ఆపావురా” అని నోటిదాకా వచ్చేది, ఆగిపోయేది. ఒకరోజు తొక్కకుండా చూద్దామని కాళ్లు మడిచి సీటు మీద పెట్టుకున్నాడు. నేర్చుకునే అమ్మాయి భయపడి, “సార్, మీకు ఒంట్లో బాలేదా?” అని బండి ఆపేసింది. తనే ఆపింది. బాగానే ఆపింది. ఆ సంగతి చెబుదామనుకునేలోపు కాలు కిందికి దిగిపోయింది.

పరీక్షలు అయిపోవస్తున్న రోజుల్లో, ఓ సాయంత్రం ఆవిడ గుమ్మంలో కూర్చుని జుట్టు దువ్వుకుంటూ అంది.

“సెలవులివ్వగానే నేను సముద్రం దాకా వెళ్తున్నాను. నది కలిసేచోటికి. పోను ఒకరోజు, రాను ఒకరోజు.”

మాస్టారు చేతిలో పేపరు మడతపెట్టాడు. “ఎవరితో?”

“స్టోరు పిల్ల వస్తానంటోంది.”

పేట ఎప్పట్లాగే ఉంది. ఎవరింట్లోనో పాఠం పైకి చదువుతున్నారు.

“మీరొస్తానంటే దాన్ని వద్దంటాను,” అందావిడ. “అడగాలనే ఉంది. అప్పట్నుంచీ అడగాలనే ఉంది. కానీ ఒక మాట. ఒక్కసారి తొక్కినా బండి వెనక్కి తిప్పేస్తాను. సముద్రం కనబడుతున్నా సరే తిప్పేస్తాను. పక్కన కూర్చునేవాడు కావాలి నాకు, కాపలా కాసేవాడు కాదు.”

“వస్తాను,” అన్నాడాయన. ఆలోచించకుండా అన్నాడు. కొత్త పెళ్లికొడుకు కూడా అంత తొందరగా అనడు.

“చూసుకోండి మరి,” అంటూ లోపలికి పోయింది. పోతున్నప్పుడు ఆవిడ నడకలో ఏదో తేలిక కనబడింది. ఆ తేలిక పోగొట్టకూడదు. ఆయనకి ఇప్పుడు ఉన్న పనల్లా అదొక్కటే.

మర్నాటి నుంచి మాస్టారి పాట్లు చూసినవాళ్లకి నవ్వొచ్చింది, జాలీ వేసింది. టౌను బస్సెక్కి ముందు సీట్లో కూర్చుని రెండు తొడల మీదా చేతులు అదిమి పెట్టుకున్నాడు. మొదటి స్టాపులోనే బస్సు ఆగకముందు ఆయన కాలు ఆపేసింది. “పెద్దాయనా, ఆ కాళ్ల కింద రేకు ఊడొస్తే నువ్వే కట్టాలి,” అన్నాడు కండక్టరు. ఎడమకాలు కుడికాలి మీద వేసి చూశాడు. ఎడమకాలు నొక్కింది. బావమరిది మోటారు సైకిలు వెనక కూర్చుని పోతే, నొక్కడానికి నేల దొరక్క వాడి పక్కటెముకలు నొక్కాడు. “బావా, నాకు గిలిగింతలు!” అని వాడు వీధి మధ్యలో మెలికలు తిరిగాడు. ఇంట్లో కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని, నది రోడ్డుని తలుచుకుంటూ కూర్చున్నా అంతే. మలుపు రాగానే గచ్చు మీద కాలు బిగుసుకునేది.

సెలవులు దగ్గరపడ్డాయి. మేడల మీద పిల్లలు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకుంటున్నారు. సాయంత్రం మేడమీద కుర్రాడు వ్యాను ఆపి దిగేసరికి మాస్టారు ప్రహరీ మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు.

“ఏమైంది మాస్టారూ, అలా ఉన్నారు?”

అంతా చెప్పాడు. ఆంటీ అడిగిన మాట, తను ఒప్పుకున్న మాట, బస్సు, కండక్టరు, గిలిగింతలు. కుర్రాడు మొదట్లో నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

“వెళ్లడం మానెయ్యండి. అక్కడి దాకా పోయి తిట్లు తినే కంటే నయం కదా.”

“మానెయ్యడం అయిపోయిందిరా. ఇన్నేళ్లూ చేసింది అదేగా.”

“అయితే ఆంటీకే చెప్పెయ్యండి, నా వల్ల కావట్లేదని.”

“చెబితే ఏమంటుందో తెలుసా? పోనీండి అంటుంది.” మాస్టారు చెప్పు కొసతో మట్టిలో గీత గీశాడు. “ఆ పోనీండి ఇంకోసారి వినలేను నేను.”

“కళ్లు మూసుకుని కూర్చోండి మరి.”

“అంత దూరం కళ్లు మూసుకుని పోవడానికి ఆవిడతో ఎందుకు? ఆ పడవ చూడాలి నేను. కొంగల్ని చూడాలి. ఆవిడ నడుపుతుంటే ఆవిడ మొహం తీరిగ్గా చూడాలి.” చెప్పుతోనే ఆ గీతని చెరిపేశాడు. “నాకు రోడ్డు కనబడితే చాలు, కాలు నా మాట వినదు. ముందు రోడ్డుని మర్చిపోవాలి. బండి ఎవరో నడుపుతారు, ఎవరో ఆపుతారు, నాకేం సంబంధం లేదు అనేది ఈ కాలికి తెలియాలి.”

“అదెలా తెలుస్తుంది?”

మాస్టారు ప్రహరీ దిగాడు. వ్యాను వెనక్కి నడిచి, కిటికీలు లేని ఆ ఇనప తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. దాని వంక కాసేపు చూసి, కుర్రాడి వైపు తిరిగాడు. జీవితమంతా ఇంకొకళ్లకి చెప్పిన గొంతు అది. ఆ పూట అడుగుతోంది.

“బాబూ, రేపట్నుంచి నన్ను నీ వ్యానులో ఎక్కించుకో. ముందు సీట్లో వద్దు. ఇదిగో, ఇందులో, పార్సిళ్ల మధ్య కూర్చుంటాను. బయట గొళ్లెం పెట్టెయ్. నీ ఇష్టమొచ్చినట్టు తోలు, నీ ఇష్టమొచ్చినచోట ఆపు. మధ్యలో నేను లోపల్నుంచి ఆపు ఆపు అని అరుస్తాను, తలుపు బాదుతాను. ఎంత అరిచినా ఆపకు.”